వంద గజాల్లో ఇల్లు
(స్వర్ణోత్సవ సమ్మేళనంలో 1981 బ్యాచి పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)

 

"చిన్న ఇల్లు గురించి మాట్లాడతాను" అని కమిటీకి ఫోన్లో చెప్పినప్పుడు అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత మన కార్యదర్శి తమ్ముడు నెమ్మదిగా, "అన్నా, సభల మేడమ్‌లు కూడ ఉంటరు" అన్నాడు. అందుకని పేరు మార్చాను. విషయం మాత్రం అదే. తక్కువ జాగాలో, తక్కువ ఖర్చుతో, ఎండాకాలం ఏసీ లేకుండా కూడా మనిషి పడుకోగలిగే ఇల్లు.

ఈ విషయమే ఎందుకంటే, ఈ రెండేళ్ళలో మా బ్యాచి వాళ్ళ దగ్గర్నుంచి నాకు వచ్చిన ఫోన్లలో సగం దీని గురించే. సింగరేణిలో రిటైర్మెంటు వయసు 61కి పెరిగింది కాబట్టి మావాళ్ళు కొందరు ఇంకా డ్యూటీలో ఉన్నారు. రేపో మాపో దిగిపోతారు. దిగిపోయాక క్వార్టర్ ఖాళీ చేయాలి. చేతికి గ్రాట్యుటీ, సీఎంపీఎఫ్ డబ్బు వస్తుంది. జీవితంలో ఒక్కసారి వచ్చే డబ్బు అది. ఎక్కడో వంద గజాల ప్లాటు ఉంటుంది. ఫోన్ చేసి "అరే, ఒక ప్లాన్ గీసి పంపరా, జీ ప్లస్ టూ" అంటారు. ఎంతమంది ఉంటార్రా అని అడిగితే, "నేను, మీ వదిన" అంటారు. కొడుకు హైదరాబాదులో, బిడ్డ అమెరికాలో. ఇద్దరు మనుషులకు మూడంతస్తులు.

నేను సివిల్ ఇంజనీరుని. ముప్పై అయిదేళ్ళుగా ఇళ్ళు కడుతున్నాను. మొదట్లో పెద్దవి, తర్వాత తర్వాత చిన్నవి. అయితే నేను కట్టిన మొట్టమొదటి చిన్న ఇల్లు ఇక్కడిదే, గోదావరిఖనిలోది. అది తప్పుగా కట్టాను. ఆ తప్పు గురించి చెప్పకుండా మీకు సలహాలు చెప్పే అర్హత నాకు లేదు.

మా బాపు కోల్ ఫిల్లర్‌గా చేరాడు. తట్టతో బొగ్గు ఎత్తి టబ్బులు నింపే పని. నడుము పడిపోయాక వేరే పనుల్లో వేశారు. చివరి ఏండ్లలో గని లోపల బ్రాటిస్ గుడ్డలు కట్టే పని చేసేవాడు. ఇక్కడ సగం మందికి తెలుసు గానీ, తర్వాతి బ్యాచీల పిల్లల కోసం చెప్తాను. గనిలోకి గాలి ఒక దారిన వస్తుంది, దాన్ని ఇంటేక్ అంటారు. పని జరిగే చోటంతా తిరిగి ఇంకో దారిన ఫ్యాను ద్వారా బయటికి పోతుంది. అది రిటర్న్. మధ్యలో గాలి అడ్డదారి పట్టకుండా తలుపులు, గోడలు, గుడ్డ తెరలు కడతారు. ఆ తెర ఒక్కటి జారితే లోపల పనిచేసేవాళ్ళకు ఊపిరాడదు.

1998లో బాపు రిటైరయ్యాడు. ప్లాటు 20 అడుగుల వెడల్పు, 45 అడుగుల పొడవు, అంటే సరిగ్గా వంద గజాలు. రోడ్డు పడమట. నేను అప్పటికి పెద్ద ఇంజనీరునని నా నమ్మకం. ఒక్క అంగుళం వదలకుండా ప్లాన్ గీశాను. ముందు హాలు, దాని వెనక పడక గది, దాని వెనక ఇంకో పడక గది, చివర వంటగది. రైలు పెట్టెల లాగా. మధ్య గదులకు కిటికీ పెట్టాలంటే పక్కింటి గోడ. అందుకని రెండడుగుల సందు వదిలి, అందులోకి కిటికీలు తెరిచాను. ఆ సందును కూడా తర్వాత పైన రేకు వేసి మూసేశాం, దొంగల భయానికి.

కాగితం బాపు ముందు పరిచాను. ఆయనకు చదువు రాదు గానీ గీతలు అర్థమవుతాయి. గనిలో ప్లాన్లు చూసిన కన్ను. వేలు పెట్టి ముందు తలుపు చూపించాడు.

"గాలి గిట్లకెళ్ళి వస్తదా?"

"ఔ బాపు."

"మంచిది. మరి రిటర్న్ ఏడున్నదిరా?"

నేను నవ్వాను. "ఇది ఇల్లు బాపు, గని కాదు" అన్నాను. ఆయన ఇంకేం అనలేదు. చదువుకున్న కొడుకు గీసిన ప్లాను.

మొదటి రోహిణి కార్తెకే తెలిసింది. రామగుండం ఎండ సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. 46, 47 డిగ్రీల వార్త వచ్చినప్పుడల్లా టీవీలో మన ఊరి పేరే. పడమటి గోడ సాయంత్రం దాకా ఎండ తాగి, రాత్రంతా లోపలికి కక్కేది. తొమ్మిది అంగుళాల ఇటుక గోడలో మధ్యాహ్నపు వేడి లోపలి ముఖానికి చేరడానికి ఆరేడు గంటలు పడుతుంది. అంటే సరిగ్గా మనం పడుకునే వేళకు. పైన స్లాబు సంగతి ఇంకా అన్యాయం. బాపు నులక మంచం తీసుకుని ముందు అరుగు మీదికి వచ్చేశాడు. ఎవరన్నా అడిగితే "నాకు గనిల ఫ్యాను గాలి అలవాటు, లోపల నిద్రపట్టదు" అనేవాడు. కొడుకు కట్టిన ఇల్లు ఉడుకుతుందని ఒక్కనాడు ఎవరితోనూ అనలేదు. పద్దెనిమిది ఎండాకాలాలు ఆయన ఆ అరుగు మీదే పడుకున్నాడు.

అవ్వ మాత్రం అనేది. ఆమె బాధ వేడి గురించి కాదు. "క్వార్టర్ల నాకు పెరడుండె" అనేది. బోళ్ళు తోమే గద్దె, బట్టలుతికే బండ, మిరపకాయలు ఎండబోసే జాగా, కరివేపాకు చెట్టు. నలుగురు ఆడవాళ్ళు గోడ మీదుగా మాట్లాడుకునే చోటు. నేను గీసిన ఇంట్లో అవేవీ లేవు. ఉన్నవి నాలుగు గదులు. నేను ఆమె రోజులో సగం గడిపే చోటునే ప్లాన్‌లోంచి కొట్టేశాను.

ఇక్కడ ఒక్క నిమిషం మన క్వార్టర్లను గుర్తు తెచ్చుకోండి. టీ-టూ క్వార్టర్లో పెరిగినవాళ్ళు చేతులెత్తమంటే ఈ హాల్లో ముప్పాతిక మంది ఎత్తుతారు. ఎంత ఉండేది లోపల? నా అంచనాకు నాలుగు వందల చదరపు అడుగులకు మించదు. అందులో అమ్మానాన్నలు, అయిదుగురు పిల్లలు, ఊర్నించి ఉద్యోగం కోసం వచ్చిన మేనమామ. అయినా ఇరుకని మనకు అనిపించలేదు. పేదరికం కాబట్టి సర్దుకుపోయామని అనుకుంటాం. అదొక్కటే కాదు. లోపల నాలుగు వందలైతే బయట ఇంకో ఆరు వందలు మన వాడుకలో ఉండేవి. ముందు వరండా, పందిరి, వెనక పెరడు, రెండు లైన్ల మధ్య ఖాళీ, వేపచెట్టు. గదులకు ఎదురెదురు కిటికీలు, పైన కప్పు కింద వెంటిలేటర్లు. మన బడి గదులు చూడండి, రెండు వైపులా కిటికీలు, ఒక వైపు వరండా. లెక్కల సారు ఏప్రిల్‌లో కూడా ఫ్యాను లేకుండా మధ్యాహ్నం క్లాసు తీసుకున్నారంటే ఆయన ఓపిక ఒక్కటే కారణం కాదు సార్, క్షమించాలి.

ఇంకో నిజం కూడా చెప్పుకోవాలి. క్వార్టర్లో కరెంటుకు బిల్లు లేదు. హీటర్ పొయ్యి మీద అన్నం, కూలర్ రోజంతా. కరెంటు లెక్క తెలియకుండా పెరిగినవాళ్ళం. రిటైరై సొంతింటికి వచ్చాక మొదటి మే నెల బిల్లు చూసి బీపీ పెరిగిన మిత్రులు నాకు తెలుసు. వేడి ఇల్లు కట్టుకోవడమంటే నెలనెలా దానికి జరిమానా కట్టడం.

ఇప్పుడు నేనైతే అదే వంద గజాల్లో ఏం కడతానో చెప్తాను. ఇరవై ఇంటు నలభై అయిదు. ముందు పది అడుగులు వదిలేస్తాను. వెనక ఏడు అడుగులు. ఒక పక్క మూడు అడుగుల సందు, దాని మీద రేకు వేయను. మిగిలింది పదిహేడు ఇంటు ఇరవై ఎనిమిది, అంటే 476 చదరపు అడుగులు. హాలు 120, పెద్ద పడక గది 110, చిన్నది 80, వంటగది 56, స్నానాల గది 24, లెట్రిన్ విడిగా 14. మొత్తం 404. మిగతా డెబ్బై చిల్లర గోడల కిందికి పోతుంది. చిన్న ఇంట్లో గోడ మందం కూడా జాగాయే, అందుకే లోపలి అడ్డగోడలు నాలుగున్నర అంగుళాలే పెడతాను. నడవాకు జాగా ఇవ్వను. హాలే నడవా.

476 అంటే నామోషీగా ఉందా? మన రాష్ట్రంలో డబుల్ బెడ్రూం ఇంటికి పెట్టుకున్న కొలత 560 చదరపు అడుగులు. ఇప్పటి ఇందిరమ్మ ఇంటికి కనీసం 400. ప్రభుత్వం పేదలకు ఇచ్చే కొలత మనకెందుకు అంటారేమో. పాత ఊరి ఇళ్ళలో పెద్ద గదులు ఎన్ని ఉండేవో ఆలోచించండి. చదరపు అడుగుకు రెండు వేలు అనుకుంటే, అనవసరమైన ప్రతి వంద అడుగులకు రెండు లక్షలు. ఆ రెండు లక్షలు బ్యాంకులో ఉంటే మోకాలి ఆపరేషనుకు పనికొస్తాయి. గనిలో వంగి పనిచేసిన మోకాళ్ళు మనవి.

మోకాళ్ళంటే గుర్తొచ్చింది. దయచేసి స్నానాల గదికి మూడడుగుల తలుపు పెట్టండి. గడప వద్దు. గోడకు పట్టుకునే కడ్డీలు కట్టేటప్పుడే బిగించండి. మెట్లెక్కి పడుకునే ఏర్పాటు వద్దు. డెబ్బై ఏళ్ళప్పుడు మిమ్మల్ని చూసుకునే ఇల్లు అరవై ఒకటిలోనే కట్టాలి.

వాస్తు దగ్గర చాలామంది ఆగిపోతారు. నేను వాస్తుతో పోట్లాడను, గెలవలేను కాబట్టి. నైరుతిలో పెద్ద పడక గది అంటారు. మధ్యాహ్నం నుంచి పొద్దుగూకే దాకా ఎండ కొట్టేది ఆ మూలనే. సరే, అక్కడే పెడదాం. కానీ ఆ గది పడమటి గోడకు లోపల నిలువెత్తు అల్మారాలు కట్టేస్తాను. బట్టలు, పరుపులు, సామాను అంతా అక్కడే. వేడికి అవే అడ్డం. మెట్లు దక్షిణానో పడమటో ఉండవచ్చని వాస్తు వాళ్ళే ఒప్పుకుంటారు. మెట్లు బయట పడమటి గోడను ఆనుకుని వేస్తే గోడకు నీడ. కుదరకపోతే ఒక పందిరి, దాని మీద మల్లెతీగనో కాకర తీగనో. ఈ విషయంలో శాస్త్రానికీ సిద్ధాంతి గారికీ గొడవ లేదు.

కిటికీల గురించి ఒక హెచ్చరిక. 2018లో కేంద్రం ఇళ్ళ కోసం ఎకో నివాస్ సంహిత అని ఒక కోడ్ తెచ్చింది. ఎండ, చలి, వాన అన్నీ కలిసిన మిశ్రమ వాతావరణంలో తెరుచుకునే కిటికీ, తలుపుల వైశాల్యం నేల వైశాల్యంలో ఎనిమిదో వంతు ఉండాలని అందులో లెక్క. 110 అడుగుల గదికి 14 అడుగుల దాకా. తెరుచుకునే అన్నమాటను గట్టిగా పట్టుకోండి. ఇప్పుడు అందరూ పక్కకు జరిపే ప్లాస్టిక్ కిటికీలు పెడుతున్నారు. నాలుగు ఇంటు నాలుగు కిటికీ అయితే పదహారు అడుగులు అనుకుంటాం. ఒక రెక్క మీదికి ఇంకో రెక్క జరుగుతుంది కాబట్టి గాలి వచ్చేది ఎనిమిది అడుగుల లోంచే. పాతకాలపు రెండు రెక్కల కిటికీకి పదహారుకి పదహారు తెరుచుకుంటుంది. పెళుసుగా, పాతగా కనిపిస్తే కనిపించనీ.

కప్పు విషయం. ఒక్క అంతస్తు ఇంట్లో వేడి ఎక్కువ భాగం నెత్తి మీద నుంచే వస్తుంది. స్లాబు మీద తెల్ల పెంకు ముక్కలు పరిస్తే సరి, లేదా తెల్లటి కూల్ రూఫ్ రంగు, అదీ కాకపోతే ఏటా ఉగాదికి ముందు సున్నం. మన రాష్ట్రం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది. ఇళ్ళకు తప్పనిసరి చేసింది ఆరు వందల గజాలు, ఆ పైన ప్లాట్లకే. కానీ అసలు అవసరం వంద గజాల వాళ్ళది. మధ్యాహ్నం స్లాబు మీదికి చెప్పుల్లేకుండా ఎక్కి చూడండి, తేడా కాళ్ళకే తెలుస్తుంది.

స్లాబు వేసేటప్పుడే ఇంకో పని చేయవచ్చు. స్లాబులో కింది సగంలోని కాంక్రీటు బరువు మోయదు, సాగుడు బలాన్ని మోసేది ఇనుము. ఆ కాంక్రీటు ఇనుమును పట్టి ఉంచుతుంది, అంతే. చువ్వల గళ్ళ మధ్య రెండు మంగుళూరు పెంకులు బోర్లించి పెడితే కాంక్రీటు తగ్గుతుంది, పెంకుల మధ్య గాలి ఉండి వేడీ తగ్గుతుంది. దీన్ని ఫిల్లర్ స్లాబు అంటారు. కేరళలో లారీ బేకర్ ఇలాంటి పద్ధతులను వేల మందికి అలవాటు చేశారు. ఇంజనీరు లెక్క వేసి ఇస్తేనే చేయండి, యూట్యూబు చూసి వద్దు. బేకర్ ప్రచారం చేసిన ఇంకో పద్ధతి ర్యాట్ ట్రాప్ బాండు. ఇటుకను పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెట్టి కట్టడం. గోడ మందం తొమ్మిది అంగుళాలే, మధ్యలో మూడు అంగుళాల బోలు. ఇటుకలో సుమారు నాలుగో వంతు మిగులుతుంది, ఆ బోలులోని గాలి వేడిని అడ్డుకుంటుంది. మేస్త్రీ మొదటి రోజు గొణుగుతాడు. రెండో రోజుకు అలవాటవుతుంది. కరెంటు పైపులు ఎక్కడ పోవాలో మాత్రం ముందే తేల్చుకోవాలి, తర్వాత గోడ తవ్వడానికి వీల్లేదు.

ఇటుకల మాట వచ్చింది కాబట్టి మన ఊరి ఇటుక గురించి చెప్పాలి. మన బొగ్గులో బూడిద ఎక్కువ. మన దేశపు బొగ్గు వంద కిలోలు కాలిస్తే ముప్పై నుంచి నలభై కిలోల బూడిద మిగులుతుంది. బాపు ఎత్తిన బొగ్గు రైలెక్కి ఎన్టీపీసీకి పోయి, కాలి, కుందనపల్లి బూడిద చెరువులో తేలింది. ఆ బూడిదతో కాల్చకుండా ఇటుక చేయవచ్చని చూపించినవాళ్ళలో మన తెలుగువాళ్ళు ముందున్నారు. విశాఖపట్నంలో ఇన్స్వారెబ్ సంస్థ నడిపిన భానుమతీదాస్, కాళిదాస్ దంపతులు బూడిద, సున్నం, జిప్సం కలిపి ఫాల్-జీ అనే పద్ధతి తెచ్చారు. బట్టీ లేదు, పొగ లేదు. మట్టి ఇటుక కాల్చాలంటే పైమట్టి పోతుంది, మళ్ళీ బొగ్గే కాలుతుంది. 1999లో కేంద్రం థర్మల్ స్టేషన్లకు యాభై కిలోమీటర్ల లోపు కట్టేవాళ్ళు బూడిద వాడాలని నోటిఫికేషన్ ఇచ్చింది. తర్వాత ఆ దూరాన్ని వందకు, మూడు వందలకు పెంచారు. మనకు అది చిమ్నీ కనిపించేంత దూరమే.

అయినా మన ఊళ్ళో బూడిద ఇటుకకు చెడ్డపేరుంది. పగులుతుంది, ప్లాస్టరు పట్టదు అంటారు. ఇటుక తప్పు కాదు అది. సరిగ్గా నీళ్ళు పట్టి ఆరనివ్వకుండా, సిమెంటో సున్నమో తగ్గించి, వారానికే లారీకెత్తితే ఏ ఇటుకైనా పగులుతుంది. కొనే ముందు పరీక్ష మీరే చేయండి. గోరుతో గీస్తే గీత పడకూడదు. నడుమెత్తు నుంచి నేల మీదికి వదిలితే ముక్కలు కాకూడదు. పొడి ఇటుకను కిరాణా కొట్టు కాంటా మీద తూచి, ఒక రోజంతా నీళ్ళలో ముంచి మళ్ళీ తూచండి. అయిదో వంతుకు మించి బరువు పెరగకూడదు. మూడు కిలోల ఇటుకైతే ఆరు వందల గ్రాముల లోపు. ఈ పరీక్ష చేస్తానంటే మొహం మాడ్చుకునే వాడి దగ్గర కొనకండి.

నీళ్ళు. 476 అడుగుల కప్పు అంటే సుమారు 44 చదరపు మీటర్లు. మన దగ్గర ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్ల చుట్టూ వాన. లెక్కల సారు ముందు తప్పు చెప్పకూడదు గానీ, 44 వేల లీటర్లు. ఆవిరై, పొర్లిపోయేది తీసేసినా 35 వేలు. అందులో కొంత సంపులోకి, మిగతాది వెనక ఏడడుగుల జాగాలో తవ్విన ఇంకుడు గుంతలోకి. సంపు వెనకాల, సెప్టిక్ ట్యాంకు ముందు. వీటిని పక్కపక్కన పెట్టిన ఇళ్ళు ఎన్ని చూశానో చెప్తే మీరు మధ్యాహ్నం భోజనం చేయరు.

కప్పు మీద సోలారు కూడా. 2024 నుంచి సూర్య ఘర్ పథకంలో రెండు కిలోవాట్ల దాకా కిలోవాటుకు ముప్పై వేలు, మూడు కిలోవాట్లకు 78 వేలు సబ్సిడీ ఉంది. ఒక కిలోవాటుకు సుమారు వంద అడుగుల జాగా కావాలి, రోజుకు నాలుగు యూనిట్ల దాకా వస్తుంది. ఇద్దరు మనుషులకు రెండు కిలోవాట్లు దండిగా సరిపోతుంది. పలకల నీడ స్లాబు మీద పడటం కొసరు.

ఇక జీ ప్లస్ టూ సంగతి. నిన్న రాత్రి ఒక మిత్రుడు నాతో గట్టిగా వాదించాడు. "నువ్వు చెప్పేది బాగనే ఉన్నది. పిల్లకు సంబంధం చూడ వచ్చినోళ్ళు ముందు ఇల్లే చూస్తరు. చిన్నగుంటే వాపసు పోతరు" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. అది ఇంజనీరు తీర్చే సమస్య కాదు. నేను చెప్పగలిగింది ఇంతే. ఇల్లు ఒకేసారి పూర్తి కానక్కర్లేదు. బాలకృష్ణ దోషి ఇండోర్‌లో ఆరణ్య కాలనీ వేసినప్పుడు చాలామందికి ప్లాటు, గట్టి పునాది, నీళ్ళూ మరుగూ ఉన్న ఒక మూల ఇచ్చి, మిగతాది మీ వీలును బట్టి పెంచుకోండి అన్నారు. ఆరున్నర వేల ఇళ్ళ కాలనీ అది. చిలీ దేశంలో ఇకీకే అనే ఊళ్ళో అరవేనా అనే ఆర్కిటెక్టు సగం ఇల్లు కట్టి, సగం ఖాళీ వదిలి ఇచ్చాడు. జనం ఆ సగాన్ని తమకు కావాల్సినట్టు నింపుకున్నారు. మనకిది కొత్త కాదు. క్వార్టర్ ముందు రేకుల షెడ్డు దించి అన్న పెళ్ళి చేసినవాళ్ళమే కదా.

పునాది, పిల్లర్లు పై అంతస్తుకు సరిపడా వేయండి. కింద 476 అడుగులు కట్టి దిగండి. పైన కొడుకు కట్టుకుంటానంటే కట్టుకుంటాడు, లేకపోతే లేదు. పిల్లర్ల చువ్వలు మాత్రం బయటికి అలాగే వదిలేయకండి. సీసాలు బోర్లించి పెడితే తుప్పు ఆగదు. చువ్వలకు సిమెంటు పాలు పూసి, పలుచటి కాంక్రీటుతో కప్పేయండి, కావాలన్నప్పుడు పగలగొట్టుకోవచ్చు. ఓపెన్ కాస్టుల దగ్గర ఉండేవాళ్ళం కాబట్టి తలుపుల పైన ఇంటి చుట్టూ తెగకుండా లింటెల్ బ్యాండు తిప్పండి. ఖర్చు కొద్దిగా పెరుగుతుంది, గోడ పగుళ్ళు చాలా తగ్గుతాయి. ఇంకా సర్వీసులో ఉన్నవాళ్ళు ఇంటి అప్పు తీసుకుంటే పది లక్షల దాకా వడ్డీ కంపెనీ తిరిగిచ్చే పథకం ఉంది, రిటైరయ్యే ముందే అడిగి తెలుసుకోండి.

మళ్ళీ మా ఇంటికి వస్తాను. 2016లో నేను సెలవు పెట్టి వచ్చి ఇరవై రోజులు ఇక్కడ ఉన్నాను. సందు మీది రేకు పీకేశాను. వెనక వంటగది గోడను ఏడడుగులు లోపలికి జరిపాను. ఒక పడక గది చిన్నదైంది, అవ్వకు పెరడు వచ్చింది. మెట్ల గది పైన, కప్పు కంటే ఎత్తుగా, నాలుగడుగుల జాలీ కిటికీ పెట్టాను. వేడిగాలి పైకే పోతుంది కాబట్టి ఇల్లంతటి వేడి ఆ మెట్ల దారిలో ఎక్కి బయటికి పోవాలి. స్లాబు మీద తెల్ల పెంకులు వేయించాను. పడమటి గోడకు పందిరి వేశాను.

పని అయిన రోజు సాయంత్రం బాపు ఒక అగరుబత్తీ వెలిగించి పట్టుకున్నాడు. ముందు తలుపు దగ్గర నిలబడ్డాడు. పొగ లోపలికి వంగింది. హాల్లోకి నడిచాడు, పొగ మెట్ల వైపు వంగింది. మెట్ల కింద నిలబడి పైకి చూశాడు. పొగ తిన్నగా జాలీ కిటికీ దాకా పోయి బయట పడింది. అగరుబత్తీ దేవుడి దగ్గర గుచ్చి వచ్చి, "గిప్పుడు రిటర్న్ దొరికిందిరా" అన్నాడు.

ఆ ఎండాకాలం ఆయన లోపల పడుకున్నాడు. ఆ తర్వాత ఇంకో మూడు ఎండాకాలాలు.

అవ్వ ఇప్పటికీ ఆ ఇంట్లోనే ఉంటుంది. కరివేపాకు చెట్టు స్లాబు దాటింది. సందేహం ఉన్నవాళ్ళు రేపు పొద్దున వచ్చి ఇల్లు చూడవచ్చు, ఆమె చాయ్ పోస్తుంది, నా మీద చాడీలు కూడా చెప్తుంది.

ఇరవై ఇంటు నలభై అయిదు ప్లాన్లు నాలుగు గీసి తెచ్చాను, నాలుగు దిక్కుల రోడ్లకు నాలుగు. ఇరవై ఇంటు ముప్పై వాళ్ళకు ఇంకొకటి. సైన్సు గది బయట బల్ల మీద పెట్టాను. డబ్బులేం వద్దు. తీసుకుపోయి మీ మేస్త్రీకి చూపించే ముందు ఇంట్లో ఆడవాళ్ళకు చూపించండి. మా మేడమ్ లేచి వాచీ చూపిస్తున్నారు, అప్పుడూ ఇలాగే చూపించేవారు. సెలవు.